హవాయి పేర్లలో దీర్ఘాలు వదలవద్దు

సంపాదకులకు నమస్కారం.

2023 ఆగస్టులో మౌయి ద్వీపంలో కార్చిచ్చుకు ఆహుతైన పట్టణం పేరు నేను చదివిన తెలుగు వార్తల్లో ‘లహైనా’ అని వచ్చింది. స్థానిక భాషలో అది ‘లాహైనా’. రోమన్ లిపిలో రాసే ఆ భాషలో దీర్ఘాన్ని చూపేందుకు అచ్చక్షరం మీద పెట్టే అడ్డగీతను ఇంగ్లిషు పత్రికలు వదిలేస్తే, గుణింతంలోనే దీర్ఘమున్న మనమూ దాన్ని వదిలేశాం.

హవాయి భాషలో హ్రస్వాచ్చులు 5, వాటి దీర్ఘాలు, హల్లులు 8 మాత్రమే ఉన్నాయి. ఇంత కొద్ది ధ్వనులతో మాటలు కట్టుకున్న భాషలో ఒక్కటి జారినా అర్థం మారిపోవచ్చు. ఆ ఎనిమిదింటిలో ‘ఒకిన’ అనేది గొంతును క్షణకాలం బిగించి విడిచే హల్లు. ‘మొఅ’ అంటే కోడి. ఆ రెండు అచ్చుల నడుమ గొంతు బిగించి పలికితే ఉడికినది. 1826లో మిషనరీలు ఏ అక్షరాలు ఉంచాలో ఓటు వేసి తేల్చినప్పుడు ఈ హల్లుకు వర్ణమాలలో చోటు దక్కలేదు. ప్రధాన ద్వీపాలు 8 కాగా, నేటి ప్రామాణిక లేఖనంలో మౌయి తప్ప మిగిలిన ఏడింటి పేర్లలోనూ అది ఉంది.

మన భాష అజంతమని చెప్పుకుంటాం. అక్కడ మాట చివరే కాదు, మాటలోని ప్రతి అక్షరమూ అచ్చుతోనే ముగుస్తుంది. మనకు బస్ ‘బస్సు’ అయినట్లే వారికి క్రిస్మస్ ‘కలికిమక’ అయింది. అయితే రెండు అచ్చులు ఎదురుపడినచోట మనం ‘మాయమ్మ’ అన్నట్లు యకారాన్ని తెచ్చుకుంటాం, వారు మాటను బట్టి అచ్చులను అలాగే పక్కపక్కన పలుకుతారు, లేదా నడుమ గొంతు బిగిస్తారు. ‘హవాయి’లోని యకారం అలా మనం తెచ్చుకున్నదే. అది మన నోట స్థిరపడిన పేరు కనుక మార్చమని అడగను. కానీ ‘లానై’ అంటే వరండా, ‘లానఇ’ ఒక ద్వీపం పేరు. రెంటినీ ‘లనాయి’ అని రాస్తే తేడా ఎలా తెలుస్తుంది? ‘లానఇ’, ‘ఒఅహు’ అన్న రాతలు కంటికి మొదట కొత్తగా ఉన్నా చదవడం కష్టం కాదు.

1896 నాటి చట్టంతో బడుల్లో బోధనభాషగా స్థానం కోల్పోయి, 1978లో రాష్ట్ర అధికార భాషగా గుర్తింపు పొంది, 1984 నుంచి పసిపిల్లల బడుల ద్వారా మళ్లీ నోళ్లలోకి వస్తున్న భాష ఇది. మీ అనువాద విభాగం ఈ ద్వీపాల, పట్టణాల పేర్లను ఇంగ్లిషు వార్తల నుంచి కాక స్థానిక లేఖనం నుంచి సరిచూసి, దీర్ఘాలతో ఒక పట్టికగా ఉంచుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
తెనాలి