గోస్తని పుట్టిన కొండ మీద కుళాయికి నీళ్లు లేవు: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి, అనంతగిరి కొండల మీది ఒక చిన్న ఊరి నుంచి నమస్కరించి రాసుకుంటున్నది.

అయ్యా, అర్జీలు నాలుగు పెట్టాం. నాలుగింటికీ రసీదులు ఇచ్చారు. ఊరికి మాత్రం ఎవరూ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

కేంద్రం వారి జల్ జీవన్ మంచినీటి పథకం కింద ఇంటింటికీ కుళాయి వేశారు. ట్యాంకు కట్టారు, పైపులు పూడ్చారు, మా ఆడవాళ్లను కుళాయి పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. వానలు ఉన్నన్నాళ్లు నీళ్లొచ్చాయి. పోయిన వేసవిలో మా ఇంటి కుళాయి తిప్పితే నోట్లో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది. పుల్లతో పొడిస్తే పొడిమన్ను రాలింది.

పైపు మొదలుపెట్టిన ఊట ఎండాకాలం నిలవదని మా పెద్దలు ఆ రోజే చెప్పారు. వానల్లో వచ్చి చూసినవాళ్లు, నీళ్లు బాగా దూకుతున్నాయని అక్కడే తొట్టె కట్టేశారు. ఏడాదంతా ఆరని ఊట ఇంకా పైన ఉంది. జీలుగు మాను చీల్చి దోనె పెట్టుకుని, చివర అడ్డాకు మడిచి దోపి, అక్కడే బిందెలు పట్టుకుంటున్నాం. మార్చి దాటితే ధార సన్నబడుతుంది. ఒక బిందె నిండేలోగా వెనకున్నామె ఇంటికెళ్లి పొయ్యి రాజేసి రావచ్చు. మా వదిన ఏడో నెల కడుపుతో తెల్లవారుజామున మూడింటికి లేచి ఆ రాళ్లదారి ఎక్కేది. ఒకనాడు జారి పడింది. దేవుడి దయవల్ల బిడ్డకేమీ కాలేదు. ఆ సొట్టబిందెతోనే ఇప్పటికీ నీళ్లు మోస్తోంది.

ఆ సన్నధారే రాత్రంతా ట్యాంకులో పడితే పొద్దుటికి ఊరంతటికీ తాగడానికి సరిపోతుంది. మేమడిగేది అంతే.

మాది నీళ్లు లేని చోటు కాదయ్యా. ఈ ఊటలు గెడ్డలై కలిస్తేనే గోస్తని. బొర్రా గుహల్లో దూరి, తాటిపూడి జలాశయం నింపి, విశాఖ దాహం తీర్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పట్నానికి నీళ్లివ్వొద్దని మేం ఏనాడూ అనలేదు, అనం కూడా.

బొర్రా చుట్టూ సున్నపురాయి. అక్కడ పడ్డ వాన మట్టిలో నిలవదు, పగుళ్లలోంచి గుహలోకి, అక్కడినుంచి ఏట్లోకి పోతుంది. పైన పారేసిన చెత్త కూడా ఆ దారినే పోతుంది. ఊట తలమీద చెట్లు పోతే ఊటా పోతుంది. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో తీర్పు వచ్చింది ఈ బొర్రా ఊళ్ల గురించే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పబట్టే మా కొండలు మిగిలాయి. ఊటల మీది చెట్లను కూడా కాపాడండి.

మనిషికి రోజుకు 55 లీటర్లన్నారు. 2024 గడువన్నారు, ఇప్పుడు 2028 అంటున్నారు. ముందు ఇంటికొక బిందె రానివ్వండి. తొట్టెను పై ఊటకు మార్చండి. ఏప్రిల్‌లో మనిషిని పంపండి, వానల్లో వద్దు. ఊట చూపించడానికి మా పెదనాన్న వస్తాడు. మోకాళ్ల నొప్పులున్నా ఎక్కుతానంటున్నాడు.

ఇట్లు,
గోస్తని ఎగువన ఒక గిరిజన గ్రామస్థుడు