పిక్క నొప్పికి కాపడం పెట్టే ముందు పాదం నాడి చూడండి

సంపాదకులకు,

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో పిక్క పట్టేస్తోందంటే వాతం అనేసి తైలం, కాపడంతో సరిపెట్టేస్తుంటారు. కాస్త దూరం నడిచేసరికి పిక్క బిగుసుకుపోయి, ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తోందా? కాలి ధమని పూడుకుపోతోందేమోనని అనుమానించాలి. ముదిరితే పడుకున్నా నొప్పే. మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే గాని నిద్ర పట్టదు, వేలికి పడిన పుండు మానదు. ఆ దశలో ఆలస్యం చేస్తే కాలు తీసేయాల్సి రావచ్చు.

షుగర్, బీడీ, చుట్ట దీనికి ముఖ్య కారణాలు. అడ్డపొగ (చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లను మాత్రం పొగ అలవాటు గురించి ఎవరూ అడగరు!

పాదం పైన బొటనవేలు, పక్కవేలు ఎముకల మధ్య గాడిలో ఒక నాడి, లోపలి చీలమండ వెనక ఇంకొకటి ఉంటాయి. ధమని పూడుకుపోతే ఇవి సరిగా అందవు. మొదటిది కొందరికి పుట్టుకతోనే అందదు కాబట్టి రెండూ చూడాలి. ఆ తర్వాత రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పరికరంతో చేతి బీపీ, చీలమండ బీపీ కొలుస్తారు. చేతికి 140, చీలమండకు 70 వస్తే నిష్పత్తి 0.5. 0.9 లేదా అంతకు తక్కువైతే జబ్బు ఉన్నట్టే. షుగర్ ఉన్న కొందరికి ధమనులు గట్టిపడి 1.4 దాటి చూపిస్తుంది. అది చూసి బాగుందనుకోకూడదు, కాలివేలి ప్రెషర్ కొలిపించాలి.

వేడినీళ్ల సీసా వద్దు. స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదు, రక్తం అందని చర్మం మానదు. ఉబ్బునరాలకు వేసే బిగుతు సాక్సు ఈ జబ్బులో ఉన్న కాస్త రక్తాన్నీ ఆపేస్తుంది.

పొగాకు పూర్తిగా మానాలి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ డాక్టరు చెప్పినట్టు ఆపకుండా వాడాలి. పుండు లేనివాళ్లు నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. రోజుకు 30 నిమిషాల పైన, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలపాటు. సిలోస్టజోల్ అనే మందు నడక దూరం పెంచుతుంది గాని గుండె వైఫల్యం ఉంటే వాడకూడదు. పడుకున్నా నొప్పి ఉన్నా, పుండు పడినా బెలూన్ చికిత్సా, బైపాసా అన్నది రక్తనాళాల సర్జన్ తేల్చాలి.

కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే మాత్రం మర్దనా చేస్తూ కూర్చోకండి. ఆరు గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. దగ్గరి ఆసుపత్రిలో రక్తం గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చేమో అడిగి, వెంటనే బరంపురమో విశాఖో బయల్దేరాలి.

సరిహద్దు జిల్లాల ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ రోగుల చెప్పులు విప్పించి పాదాల నాడి చూడడం, ఒక్కో కేంద్రానికి ఒక చేతి డాప్లర్ ఇవ్వడం వెంటనే మొదలుపెట్టాలి.

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా