గాలి ఒక్కటే కాదు

సంపాదకుడు గారికి,

చేపలు తగ్గిన ఏడాదల్లా ‘గాలి సరిగ్గా వీయలేదు’ అని వార్తల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అది సగం నిజమే. పెరూ, కాలిఫోర్నియా లాంటి చోట్ల తీరం వెంబడి భూమధ్యరేఖ వైపు గాలి వీస్తే, భూభ్రమణం వల్ల పైనీరు తీరం విడిచి సముద్రంలోకి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లని, పోషకాలున్న నీరు వస్తుంది. చేపల తిండి అక్కడే మొదలు.

అయితే పైకొచ్చే నీరు ఎలాంటిదన్నది గాలి చేతిలో లేదు. ఎల్‌నినో ఏడాదిలో, అంటే పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో నీరు మామూలుకన్నా వేడెక్కిన ఏడాదిలో, భూమధ్యరేఖ వెంట తూర్పుకు సాగే భారీ అలలు పెరూ తీరాన వెచ్చని నీటిపొరను మందం చేస్తాయి. గాలి వీస్తూనే ఉంటుంది, నీరూ పైకొస్తుంది, కాకపోతే అది గోరువెచ్చని, సారంలేని నీరు. 1970లో 1.2 కోట్ల టన్నులు దాటిన అక్కడి ఆంకోవీ అనే చిన్న చేపల వేట 1972-73లో కుప్పకూలింది. అప్పటికే మితిమీరి పట్టేశారనుకోండి, అది వేరే గొడవ.

టైమింగ్ కూడా ముఖ్యమే. 2005లో కాలిఫోర్నియా ఉత్తర తీరంలో ఈ గాలులు ఆలస్యమయ్యాయి. తర్వాత వీచినా లాభం లేకపోయింది, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫారలాన్ దీవుల్లో కాసిన్స్ ఆక్‌లెట్ అనే సముద్రపు పక్షులు తిండి చాలక అప్పటికే గూళ్లు వదిలేశాయి. ఏడాది సగటు చూస్తే ఇది కనిపించదు. ఇలాంటి వార్తల్లో గాలి వేగంతో పాటు ఏ లోతులో నీరు ఎంత వెచ్చగా ఉందో కూడా వేయమని మనవి.

– ఒక పాఠకుడు