బండ మోసేవారికి నియామక పత్రం ఇవ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో పదహారేళ్లుగా వంటగ్యాస్ బండలు ఇంటింటికీ చేరవేసే పని చేస్తున్నాను. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దుకాణాలు మూతపడినా, బస్సులు, రైళ్లు ఆగిపోయినా మా బండి మాత్రం ఆగలేదు. మమ్మల్ని అత్యవసర సేవలవారిగా గుర్తించి, దారిలో పోలీసులు ఆపితే చూపించడానికి పాసు ఇచ్చారు. ఆ పాసు గడువు ఎప్పుడో తీరిపోయింది. మేము ఎవరి దగ్గర, ఎప్పటినుంచి పనిచేస్తున్నామో తెలిపే కాగితం మాత్రం మాలో చాలామందికి నేటికీ లేదు. అది లేకపోవడం వల్ల ఒక కుటుంబానికి జరిగిన అన్యాయాన్ని దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మార్చి 25 నుంచి లాక్‌డౌన్ అమల్లోకి వచ్చింది. ఆ మరునాడే కేంద్రం ప్రకటించిన గరీబ్ కల్యాణ్ పథకంలో, ఉజ్వల కనెక్షన్లు ఉన్న పేద మహిళలకు ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు బండలు ఉచితమన్నారు. అది మంచి నిర్ణయమే. అయితే ఉచితమంటే డబ్బు ప్రసక్తే ఉండదని బయటివారు అనుకోవచ్చు గానీ, బండ ధర ముందుగా ఆ మహిళ ఖాతాలో పడేది, ఆమె దాన్ని తీసి బండ దింపినప్పుడు మా చేతికి ఇవ్వాల్సి ఉండేది. గుమ్మ వైపు కొండల మీది సవర పల్లెల్లో బ్యాంకు ఎంత దూరమో, బస్సులు లేని ఆ రోజుల్లో అక్కడికి వెళ్లడం ఎంత కష్టమో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఒక పెద్దావిడ పాసుపుస్తకం తెచ్చి చూపించి, డబ్బు పడిందట గానీ తెచ్చుకునే దారి లేదని చెబుతూ గడప దగ్గర నిలబడిపోయింది. బండ వెనక్కి తీసుకుపోదామంటే ఇంట్లో పొయ్యి వెలగదు. ఇచ్చి వెళదామంటే సాయంత్రానికి ఆ రోజు లెక్క మొత్తం ఏజెన్సీలో కట్టాలి. నేను బండ దింపి, నా ఇంటి ఖర్చుకు దాచుకున్న డబ్బులోంచి ఆ లెక్క సరిచేశాను. నా తోటివారు కూడా ఎన్నోసార్లు ఇలాగే చేశారు. నాకు మాత్రం ఆ మూడు నెలల్లో ఏ కొండపల్లెలోనూ ఒక్క రూపాయి బాకీ మిగలలేదు. ఆలస్యమైనా ప్రతి ఇంటివారూ గుర్తుపెట్టుకొని తెచ్చి ఇచ్చారని కృతజ్ఞతతో చెబుతున్నాను.

నిండు బండ అంటే 14.2 కిలోల గ్యాసు, దాన్ని పట్టి ఉంచే ఇనుముతో కలిపి ముప్పై కిలోల దాకా బరువు. మే నెల ఎండలో ముఖానికి గుడ్డ కట్టుకొని దాన్ని భుజాన వేసుకొని మెట్లెక్కడం ఎలా ఉంటుందో చేసినవారికే తెలుస్తుంది. మాలో ఎక్కువమందికి నెల జీతం లేదు. బండకు ఇంత అని లెక్క, దానిపైన వినియోగదారులు ఇష్టంగా ఇచ్చే ఇరవై, ముప్పై రూపాయలు. అలా తీసుకోకూడదన్న నిబంధన ఉందని మాకు తెలుసు, కానీ మా ఇళ్లు గడిచేది దానితోనే. మనిషి దగ్గరకు వస్తేనే భయపడిన ఆ రోజుల్లో బండను గేటు బయటే దింపించుకునేవారు, ఆ పై డబ్బు ఆగిపోయింది. అలాగని ఎవరినీ తప్పుపట్టను. గేటు గోడ మీద మజ్జిగ చెంబు పెట్టి, దూరం నుంచే తాగి వెళ్లమని పిలిచిన తల్లులు కూడా ఆ వీధుల్లోనే ఉన్నారు.

పర్లాకిమిడికీ శ్రీకాకుళం జిల్లా పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ నది ఒక్కటే అడ్డు. 1936లో రాష్ట్రం గీత నది మీదుగా పడినా మా సంబంధాలు, సంతలు, కూలిపనులు రెండు ఒడ్లకూ చెందినవే. మా జట్టులో ఇద్దరు పాతపట్నం వైపు ఊళ్ల నుంచి రోజూ వచ్చేవారు. ఒడిశా ప్రభుత్వం ఏప్రిల్ 9నే లాక్‌డౌన్‌ను నెలాఖరు దాకా పొడిగించింది. ఆ నెల చివరి వారంలో పాతపట్నం మండలంలో తొలి కేసులు బయటపడటంతో సరిహద్దులో కట్టడి మరింత బిగిసింది. ఇక్కడి పాసు అక్కడ చెల్లలేదు, అక్కడి పాసు ఇక్కడ చెల్లలేదు. గ్యాసు గోదాములో మనుషులు పడుకోవడానికి వీల్లేదు కాబట్టి, మేము పెద్దన్న అని పిలుచుకునే తోటి కార్మికుడు నెల రోజులకు పైగా సరుకు ఆటోలోనే నిద్రపోయాడు. నది అవతల ఉన్న భార్యాపిల్లలతో ఫోనులోనే మాట్లాడేవాడు.

ఆగస్టులో ఆయనకు జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. పది రోజులు గడవకముందే చనిపోయాడు.

డెలివరీ కార్మికులు కొవిడ్‌తో మరణిస్తే కుటుంబానికి రూ.5 లక్షలు ఇస్తామని ప్రభుత్వ రంగ చమురు సంస్థలు 2020 మార్చిలోనే ప్రకటించాయి. వదిన దరఖాస్తు పెట్టుకోవడానికి వస్తే, ఆయన తమ కార్మికుడు కాడనీ, అవసరమైనప్పుడు సాయానికి వచ్చేవాడనీ ఏజెన్సీ వారు చెప్పారు. తొమ్మిదేళ్లు ప్రతి ఉదయం ఆ గోదాము ముందు బండలు ఎక్కించుకున్న మనిషి గురించి ఆ మాట అన్నారు. ఇక్కడి కార్యాలయంలో అడిగితే ఆధార్‌లో చిరునామా ఆంధ్రాది కాబట్టి అక్కడ అడగమన్నారు, అక్కడ అడిగితే పని ఒడిశాలో చేశాడు కాబట్టి ఇక్కడికే వెళ్లమన్నారు. కొవిడ్ మృతుల కుటుంబాలన్నింటికీ ఇవ్వాలని 2021లో నిర్ణయించిన రూ.50 వేలు మాత్రం ఆమెకు అందాయి. దానికి మరణ ధ్రువీకరణ సరిపోయింది. రూ.5 లక్షలకు పని ధ్రువీకరణ కావాలి, అది ఆమె చేతిలో లేదు. మేము ఏడుగురం సంతకాలు పెట్టి ఇచ్చిన వాంగ్మూలాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది. వాటి ప్రకారం కార్మికుడికి నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. ఆ నిబంధన మా గోదాము గేటు దాకా రావాలన్నదే మా కోరిక. గ్యాసు ఏజెన్సీలను తనిఖీ చేసే అధికారులు తూకం, అగ్నిమాపక పరికరాలు చూసినట్టే డెలివరీ కార్మికుల పేర్ల పట్టికనూ, వారికిచ్చిన పత్రాల నకళ్లనూ అడిగి చూడాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అలాగే గజపతి, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లు సరిహద్దు దాటి పనికి వచ్చే అత్యవసర సేవలవారి ఉమ్మడి జాబితాను ముందుగానే సిద్ధం చేసి, రెండు వైపులా చెల్లే గుర్తింపు కార్డు ఇవ్వాలని మనవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను రెండు జిల్లాలనూ ఒకేసారి దెబ్బతీసింది. అలాంటి ఆపద మళ్లీ వస్తే బండ చేరవేయవలసింది మేమే.

ఇదే విన్నపాన్ని ఒడియాలో రాసి కలెక్టరు గారి కార్యాలయంలో ఇస్తున్నాము. పెద్దన్న కుటుంబం ఉండేది శ్రీకాకుళం జిల్లాలో కాబట్టి, అక్కడి అధికారుల దృష్టికి కూడా వెళ్లేలా మీ పత్రికలో ఈ లేఖను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. పనికి ఇబ్బంది కలగవచ్చు గనుక దయచేసి నా పేరు వేయవద్దు.

ఇట్లు,
ఒక గ్యాసు డెలివరీ కార్మికుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా