మూసారాం ఎవరో ఒక్క బోర్డు రాయించండి

తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. మొన్న వేసవి సెలవుల్లో మా అక్క మనవడు ఖమ్మం నుంచి వచ్చాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. ఇంటికొచ్చే ప్రతి చుట్టానికీ చూపించినట్టే వాడికీ చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, హుస్సేన్‌సాగర్ బుద్ధుడు రెండు రోజుల్లో చూపించేశాను. మూడో రోజు మెట్రోలో ఇంటికి వస్తుంటే రైలు మూసారాంబాగ్‌లో ఆగింది. "మూసారాం అంటే ఎవరు తాతయ్యా?" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ రోజుకు రెండుసార్లు మూసారాంబాగ్ మీదుగానే తిరిగాను. "ఎవరో సాధువు అయి ఉంటాడులేరా" అని తప్పించుకున్నాను.

తర్వాత సిగ్గుపడి వెతికితే తేలింది, సాధువు కాదు, ఫిరంగుల మనిషి. పేరు మిషెల్ జొయాకిం మారీ రేమండ్. నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి దళాన్ని నడిపినవాడు, 1798లో చనిపోయాడు. నోరు తిరగని ఆ పేరును ఇక్కడి జనం తమకు తోచినట్టు సరిచేసుకున్నారు. ముస్లింలకు ఆయన మూసా రహీం, హిందువులకు మూసారాం. ఒక ఫ్రెంచి సేనాని పేరుకు ఎవరి దేవుణ్ణి వారు తగిలించుకున్నారన్నమాట. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ ఉంది కదా, అది కూడా ఆయన ఫిరంగులు పోయించిన కార్ఖానా పేరే. ఇన్నేళ్లూ ఆ రెండు పేర్లనూ బస్సు కండక్టరుకు చెప్పి టిక్కెట్టు తీసుకున్నానే తప్ప ఎన్నడూ ఆలోచించలేదు.

మర్నాడు పిల్లాణ్ణి తీసుకుని ఆటో ఎక్కి "రేమండ్ సమాధి" అన్నాను. "బట్టల షోరూమా సార్?" అన్నాడు డ్రైవరు. తప్పు అతనిది కాదు. అడుగుతూ అడుగుతూ ఆస్మాన్‌గఢ్ గుట్ట చేరాం. పైకి పోనుపోను సన్నబడే నల్లరాతి స్తంభం, పక్కన స్తంభాల మంటపం, చుట్టూ ఖాళీ నేల, క్రికెట్ ఆడుతున్న కుర్రాళ్లు. ఆ మంటపం 2001లో వానలకు కూలిపోతే మళ్లీ కట్టారు. అంటే, మంత్రిగారూ, ఆ చోటు ప్రభుత్వానికి తెలియక కాదు. కట్టడానికి డబ్బు దొరికింది. అదేమిటో దారిన పోయేవాడికి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆయన పేరుతోనే నిలబడి ఉన్న మెట్రో స్టేషన్‌లో ఆయన గురించి ఒక్క వాక్యమైనా ఉందేమోనని నేను రెండు ప్లాట్‌ఫారాలూ తిరిగాను. నాకు కనిపించలేదు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. ఈ మధ్య ఏ ఫోను తెరిచినా 'హైదరాబాద్‌లో ఎవరికీ తెలియని పది చోట్లు' అంటూ వీడియోలు వస్తున్నాయి. ఎవరికీ తెలియకపోవడమేమిటి? అవి గుహల్లో దాక్కుని లేవు. నడిరోడ్డు పక్కనే ఉన్నాయి.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టునే తీసుకోండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరదలో 15,000 మంది దాకా చనిపోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ నీళ్లకే పోగొట్టుకున్నాడు. అటువంటి వరద మళ్లీ రాకూడదనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్ (అదే మన గండిపేట), హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ నీళ్ల కథ మొదలైన చోట ఇప్పుడు రోగుల బంధువులు టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. అది నాకేమీ తప్పుగా అనిపించదు. ఆ చెట్టు ఇప్పటికీ మనుషులకు ఆసరా ఇస్తూనే ఉంది. ఏటా సెప్టెంబరు 28న కొద్దిమంది నగర ప్రేమికులు దాని కింద చేరి ఆనాటి సంగతి తలుచుకుంటారు. బడిపిల్లలను కూడా తీసుకొస్తే ఎంత బాగుంటుంది!

అక్కడి నుంచి నయాపుల్ దాటి మదీనా చౌరస్తా వైపు నడిస్తే మొహర్రం పీర్లను నిలిపే బాద్‌షాహీ ఆశూర్‌ఖానా వస్తుంది. చార్మినార్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలానిదే, 1590ల నాటిది. పసుపు, నీలం, ఆకుపచ్చ మెరుగు పలకలు గోడ పొడవునా ఇప్పటికీ కొత్తవాటిలా మెరుస్తుంటాయి. అయితే గోడ కింది భాగాన్ని కాస్త తదేకంగా చూడండి. అక్కడ ఉన్నవి పలకలు కావు, పలకల్లా గీసిన రంగులు. మూసీ నీళ్లు ముంచి పాడుచేసిన మేర అలా నింపారు. చింతచెట్టు దగ్గర విన్న వరద ఎంత ఎత్తున వచ్చిందో ఇక్కడ కళ్లతో చూడవచ్చు. మావాడు ఆ గీత పక్కన నిలబడి తన తలకూ దానికీ మధ్య దూరం కొలుచుకున్నాడు. గోల్కొండలో ఒక్క ప్రశ్న కూడా అడగని పిల్లవాడు ఇక్కడ పది అడిగాడు.

సంతోష్‌నగర్ వైపున్న, పైగా అనే ప్రభువంశపు సమాధుల గురించి ఎక్కువ రాయను, రాస్తే ఆపలేను. గచ్చుతో అంత సన్నని జాలీ పని చేసిన చేతులకు దండం పెట్టుకుని వచ్చాం. ఫలక్‌నుమా కట్టించింది ఈ వంశమే. శంషాబాద్ పేరు కూడా వీరి షంసుల్ ఉమ్రా బిరుదు నుంచే వచ్చిందంటారు. విమానం దిగిన ప్రతివాడూ పలికే పేరు అది. ఆ బిరుదు మోసిన మనుషులు ఇక్కడ సందుల వెనక పడుకుని ఉన్నారు. మేమున్న గంటసేపట్లో మాతోపాటు ఇంకో ఇద్దరే వచ్చారు.

అన్నిచోట్లా మా అదృష్టం అలాగే సాగలేదు. మరో చోట, పేరు చెప్పను, గేటుకు తాళం ఉంది. తెరిచే వేళలు ఎక్కడా రాసి లేవు. పక్క టీ కొట్టతను "తాళం చెవి ఒకాయన దగ్గర ఉంటుంది, ఆయన భోజనానికి వెళ్లాడు" అన్నాడు. గంటన్నర ఎదురుచూసి, చెరొక ఇరానీ చాయ్ తాగి వచ్చేశాం.

మెట్రో మీ శాఖ కాదు, ఆసుపత్రీ కాదు. పాత కట్టడాలు ఒకరివి, వక్ఫ్ ఆస్తులు ఇంకొకరివి, రోడ్డు కార్పొరేషన్‌ది. అందరూ తలొక ముక్క పట్టుకున్నారు, కథ ఎవరి చేతిలోనూ లేదు. వాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించగలిగిన మనిషి మీరు. అందుకే మీకు రాస్తున్నాను.

నేను అడిగేది కోట్ల పని కాదు. మూసారాంబాగ్ స్టేషన్‌లో మూసారాం ఎవరో, ఆయన సమాధికి ఏ దారిన వెళ్లాలో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో ఒక బోర్డు. పైగా వంశపు సమాధులకు మలుపు ఎక్కడ తిరగాలో ఆటోవాడికి కూడా కనిపించేంత పెద్ద బాణం గుర్తు. ప్రతి గేటు మీద తెరిచే వేళలు, ఆ వేళకు తాళం చెవితో ఒక మనిషి, ఆడవాళ్లు వాడుకోగలిగిన మరుగుదొడ్డి. చాంద్రాయణగుట్ట దాకా వేయబోతున్న పాతబస్తీ మెట్రో స్టేషన్లకైనా నమూనాలు గీసేటప్పుడే ఈ కథలకు గోడ మీద కాస్త చోటు కేటాయించండి.

దయచేసి రంగుల లైట్లు, 'ఐ లవ్' అక్షరాలు మాత్రం వద్దు. ఆశూర్‌ఖానా మొహర్రంలో పీర్లను నిలిపే చోటు. అక్కడికి వచ్చేవారికి ముందు చెప్పులు ఎక్కడ విడవాలో చెప్పాలి, ఫొటో ఎక్కడ బాగా వస్తుందన్నది ఆ తర్వాత సంగతి.

చేయలేరని మాత్రం అనకండి. బన్సీలాల్‌పేట మెట్లబావి ఏళ్ల తరబడి చెత్తకుండీగా ఉండేది. లారీల కొద్దీ చెత్త తీస్తే అడుగున నీళ్లు కనిపించాయి. 2022 డిసెంబరులో దాన్ని తెరిచారు. ఇప్పుడు ఆ పేటవాళ్లే చుట్టాలను వెంటబెట్టుకుని తీసుకెళ్లి చూపిస్తున్నారు.

మావాడు దసరా సెలవులకు మళ్లీ వస్తానన్నాడు. ఈసారి రైలు మూసారాంబాగ్‌లో ఆగగానే దిగి, బోర్డు పెట్టారో లేదో చూడాలట.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక రిటైర్డు ఉద్యోగి