నిమ్మరసం పిండితే పచ్చి మాంసం ఉడకదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో ఇథియోపియా వాళ్లు గొడ్డుమాంసంతో చేసే కిత్ఫో అనే వంట గురించి రాశారు. ఆ పేరు తెలుగు పత్రికలో చూసి ముందు చాలా సంతోషపడ్డాను. నేను, మావారు 2006 నుంచి 2013 వరకు ఇథియోపియాలో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్పాం. ఆయనది మ్యాథ్స్, నాది బయాలజీ. కానీ చివర్లో ఉన్న మాటలు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. బజారులో తాజా కీమా తెచ్చి, నిమ్మరసం, కారం పట్టించి అరగంట ఉంచితే క్రిములు చచ్చిపోతాయని, ఆ తర్వాత పచ్చిగానే వడ్డించవచ్చని రాశారు. ఇది తప్పు. హైదరాబాద్‌లో ఎవరైనా నమ్మి చేస్తే ఆస్పత్రి పాలవుతారు. మా ఇంట్లో అయ్యారు కాబట్టే చెబుతున్నాను.

ముందు ఆ వంట సంగతి. కిత్ఫో అక్కడి గురాగే అనే జాతి ప్రజలది. రాజధాని అడిస్ అబాబాకి దక్షిణంగా బుటాజిరా వైపు వాళ్ల ఊళ్లు ఉంటాయి. సెప్టెంబర్ 27న వచ్చే మెస్కెల్ పండక్కి ఎక్కడెక్కడి గురాగే వాళ్లూ సొంతూరు చేరతారు, మనవాళ్లు సంక్రాంతికి బస్సులెక్కినట్టు. మా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఒకాయన ఓ ఏడాది మమ్మల్నీ తీసుకెళ్లాడు. వాళ్లమ్మ నన్ను పొయ్యి దగ్గర పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. కొడుకు మధ్యలో నిలబడి చెప్పాడు.

ఆ పొద్దున వాళ్ల పెరట్లోనే ఎద్దును కోశారు. తొడ లోపలివైపు కొవ్వు లేని కండను ఆమె ముక్కలు చెయ్యకుండా ఒకే దిమ్మగా తీసుకుంది. పైపొర అంతా చెక్కేసింది. చెక్కిన భాగం కూర కుండలోకి పోయింది. తర్వాత కత్తి కడిగి, పలక మార్చి, లోపలి కండను గంటసేపు చేత్తోనే సన్నగా తరిగింది. మసాలా వేసి కాచిన వెన్న గోరువెచ్చగా పోసి, మిత్‌మిత అనే కారం కలిపింది. కలపగానే తినేశారు. కోసిన దగ్గర్నుంచి తినే దాకా అరపూట కూడా పట్టలేదు. ఆ ఇంట్లో కీమా మిషన్ లేదు, నిమ్మకాయ ఊసే లేదు.

కిత్ఫోని మూడు రకాలుగా పెడతారు. పచ్చిగా పెడితే తెరె, పెనం మీద కాస్త వెచ్చచేస్తే లెబ్ లెబ్, పూర్తిగా ఉడికిస్తే యెబెసెలె. మాకు మాత్రం ఉడికించి పెట్టమని ఆమె కోడలికి చెప్పింది. కొత్త కడుపులు కదా, పచ్చిది పడదని. అతిథిని తక్కువ చేసినట్టు కాదు అది, తల్లి జాగ్రత్త. మీ వ్యాసంలో ఈ యెబెసెలె మాటే లేదు.

పచ్చి మాంసంతో ఏమొస్తుందో అక్కడివాళ్లకి బాగా తెలుసు. పశువు కండలో బద్దెపురుగు పిల్లలు చిన్న శనగ గింజంత తిత్తులుగా ఉంటాయి. వాటిని పచ్చిగా మింగితే మన పేగులో పురుగై పెరుగుతాయి, కొన్ని మీటర్ల పొడవు సాగుతాయి. దానికి వాళ్లు కొస్సో అనే చెట్టు పూలు నూరి తాగుతారు. పురుగు పేరూ కొస్సోయే, మందు పేరూ కొస్సోయే. పరాన్నజీవుల పాఠం చెబుతూ కొస్సో తాగినవాళ్లు చేతులెత్తండి అంటే సగం క్లాసు ఎత్తింది. ఎవరూ సిగ్గుపడలేదు. అంటే ఆ రుచికి ఆ కష్టం కూడా ఉంటుందని తెలిసే తింటారు. మనం ఆ వంటని తెచ్చుకుని, ఆ తెలివిని అక్కడే వదిలేస్తే ఎలా?

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది క్రైస్తవ కుటుంబం, పెద్దకూర మా ఇంట్లో పండగ కూర. కిత్ఫో గురించి ఇంట్లో గొప్పగా చెప్పింది నేనే. రెండేళ్ల క్రితం క్రిస్మస్‌కి మా తమ్ముడి కొడుకు నన్ను సంతోషపెడదామని, నాకు చెప్పకుండా కీమా తెచ్చి నిమ్మరసం పిండి పచ్చిది చేశాడు. నేను చర్చి నుంచి వచ్చేసరికే తినడం అయిపోయింది. "అత్తా, నిమ్మరసంలో గంట నానబెట్టాను, రంగు కూడా మారింది, ఉడికినట్టే" అన్నాడు. వాడి ఆరేళ్ల కూతురు రెండు చెంచాలు తిన్నది.

28వ తేదీ రాత్రి పాపకి కడుపునొప్పి, తెల్లారేసరికి నెత్తురు విరేచనాలు. వాడికీ అదే. మెడికల్ షాపులో విరేచనాలు ఆపే మాత్ర కొని వేసుకున్నాడు, పాపకీ వేయబోతుంటే నేను ఆపాను. నెత్తురు పడుతున్నప్పుడు ఆ మాత్ర వేయకూడదు, క్రిములు వదిలే విషం లోపలే నిలిచిపోతుంది. ఆస్పత్రిలో మూడో రోజు పాప రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదన్నమాట. రెండు రోజులు డాక్టర్లు కిడ్నీల గురించే మాట్లాడారు. ఆ రెండు రాత్రులు నేను ఆ వరండాలోనే ఉన్నాను. దేవుడి దయ వల్ల తగ్గింది, తొమ్మిదో రోజు ఇంటికొచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ టెన్షన్ ఏ ఇంట్లోనూ రాకూడదు.

నిమ్మరసం ఎందుకు పనిచేయదో వివరంగా చెబుతాను, ఎందుకంటే మావాడిలాగా చాలామంది రంగు చూసి మోసపోతారు. పులుపు తగిలితే మాంసంలో ప్రోటీన్ గడ్డకట్టి తెల్లబడుతుంది, అంతే. అది వేడికి ఉడకడం కాదు. ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా అరగంట నిమ్మరసానికి చావవు. కారానికీ చావవు. మన కచ్చీ బిర్యానీనే తీసుకోండి. పచ్చి మాంసానికి పెరుగు, పచ్చి బొప్పాయి, నిమ్మరసం అన్నీ పట్టిస్తాం, అయినా చివరికి దమ్ మీద పెడతాం కదా? బొప్పాయి కండను మెత్తబరుస్తుంది. క్రిముల్ని చంపేది దమ్.

ఇక కీమా. ఆరోగ్యంగా ఉన్న పశువు కండ లోపల క్రిములు దాదాపు ఉండవు. తోలు తీసేటప్పుడు, పేగులు తీసేటప్పుడు, కత్తి నుంచి, మొద్దు నుంచి, నీళ్ల నుంచి అవి పైపొరకి అంటుకుంటాయి. దిమ్మగా ఉంటే పైనే ఉంటాయి. మిషన్‌లో వేశామా, పైది లోపలికి, లోపలిది పైకి. పైగా అంతకు ముందు ఆ మిషన్‌లో ఏ మాంసం తిరిగిందో అది కూడా కలుస్తుంది. మన షాపుల్లో మాంసం పొద్దున్నుంచీ కొక్కేనికి వేలాడుతుంది. వెచ్చదనం బాగా కుదిరితే ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆరింటికి ఒక్కటి ఉంటే పన్నెండింటికి రెండున్నర లక్షలు దాటుతాయి. కొన్ని రకాల ఈ.కోలై వందలోపు ఉన్నా చాలు, రోగం తెస్తాయి. షాపువాళ్లని తప్పుపట్టడం లేదు. వాళ్లు అమ్మేది ఉడికించి తినే మాంసం. పచ్చిగా తింటామని వాళ్లకి ఎవరూ చెప్పరు.

ఫ్రీజర్‌లో పెడితే చాలని కొందరు అంటారు. సగం నిజం. మైనస్ 10 డిగ్రీల్లో పది రోజులు గడ్డకట్టిస్తే బద్దెపురుగు తిత్తులు చస్తాయి. బ్యాక్టీరియా మాత్రం నిద్రపోతుంది, కరగగానే లేస్తుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న అరని నమ్ముకుని ఆ పది రోజులు లెక్కపెట్టడం కూడా కుదరదు.

జపాన్‌లో 2011లో ఒక హోటళ్ల గొలుసులో పచ్చి గొడ్డుమాంసం తిని అయిదుగురు చనిపోయారు. ఆ అక్టోబర్ నుంచే అక్కడి ప్రభుత్వం రూలు పెట్టింది: పచ్చిగా వడ్డించే దిమ్మని పైనుంచి ఒక సెంటీమీటర్ లోతు వరకు 60 డిగ్రీల్లో రెండు నిమిషాలు వేడిచెయ్యాలి. ఆ పైపొర చెక్కేసి లోపలిదే వాడతారు. 2012లో పచ్చిగా తినడానికి గొడ్డు లివర్ అమ్మడమే ఆపేశారు. బుటాజిరా అమ్మ చెక్కిన పైపొర నాకు ఆ రూలు చదివినప్పుడు గుర్తొచ్చింది. కానీ జపాన్‌లో ఆ పనికి వేరే గది, వేరే పనిముట్లు, చల్లగా ఉంచే ఏర్పాటు ఉండాలి. మన వంటింట్లో, మన బజారు మాంసంతో ఆ లెక్క కుదరదు. పిల్లలకి, గర్భిణులకి, పెద్దవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి అయితే ఏ దేశంలోనూ పచ్చిది పెట్టకూడదు. లెబ్ లెబ్ కూడా పచ్చి కిందే లెక్క, లోపల వేడి సరిపోదు.

అందుకని యెబెసెలె చెయ్యండి. నేను ముషీరాబాద్‌లో మా ఇంట్లో చేసే పద్ధతి రాస్తున్నాను, వీలైతే వేయండి. అరకిలో పెద్దకూర, కొవ్వు లేనిది, దిమ్మగా తెచ్చి ఇంట్లోనే కత్తితో సన్నగా తరగండి. నాలుగు చెంచాల నెయ్యిలో రెండు పెద్ద యాలకుల గింజలు, చిటికెడు మెంతులు, కొద్దిగా పసుపు, నాలుగు తులసి ఆకులు వేసి సన్నసెగ మీద పది నిమిషాలు కాచి వడకట్టండి. అక్కడ వాడే కొరారిమ అనే యాలకులు ఇక్కడ దొరకవు, పెద్ద యాలకులు వాటికి దగ్గర. మిత్‌మితకి బాగా కారంగా ఉండే చిన్న ఎండు మిరపకాయలు, రెండు లవంగాలు, యాలకులు, ఉప్పు కలిపి నూరుకోండి. ఆ నెయ్యిలో మాంసం వేసి నీరు ఇగిరి, ఎక్కడా ఎరుపు లేకుండా అయ్యేదాకా వేయించి, చివర్లో మిత్‌మిత కలపండి. రంగు ఒక్కోసారి మోసం చేస్తుంది కాబట్టి వంట థర్మామీటర్ ఉంటే మంచిది. అది 71 డిగ్రీలు చూపించాలి. అక్కడ పక్కన అయిబ్ అనే పనీర్ లాంటి తాజా చీజ్, ఉడికించిన ఆకుకూర, అరటిలాంటి ఎన్సెట్ మొక్కతో చేసే కోచో రొట్టె పెడతారు. నేను పాలు విరగ్గొట్టి పొడిపొడిగా చిదిపి, పాలకూర, జొన్నరొట్టెతో పెడతాను. బాగా కుదురుతుంది. మా మనవరాలు అడిగి మరీ పెట్టించుకుంటుంది.

పచ్చి మాంసం తాకిన కత్తి, పలక, చేతులు సబ్బుతో కడిగాకే ఆకుకూర ముట్టుకోండి.

సవరణను ఆ వంట వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయమని కోరుతున్నాను. ఉత్తరాల పేజీ చదవనివాళ్లు ఆ వంట కత్తిరించి దాచుకుని ఉంటారు. క్రిస్మస్‌కి ఇంకా మూడు వారాలుంది, ఈలోపే వేయండి.

ఇట్లు,
విశ్రాంత బయాలజీ లెక్చరర్,
ముషీరాబాద్, హైదరాబాద్