ఆ రైలు కూతను చెరిపేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా నాన్నగారి బీరువా సర్దుతుంటే అట్టపెట్టెలో పాతిక క్యాసెట్లు బయటపడ్డాయి. ఆయనకు సభల పిచ్చి. బర్మా బజారులో కొన్న టేప్ రికార్డర్ భుజాన వేసుకుని, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ నెల్లూరు వైపు వెళ్ళేవారు. ఒక క్యాసెట్ మీద నీలం సిరాతో ‘అన్నగారి సభ’ అని రాసి ఉంది. ఊరూ లేదు, తేదీ లేదు.

వెంటనే వినడానికి లేదు. రికార్డర్‌లో బెల్టు కరిగి తారులా చేతికి అంటుకుంది. రిచీ స్ట్రీట్‌లో ఒక పెద్దాయన బెల్టు మార్చి, క్యాసెట్‌లో ఊడిపోయిన స్పాంజి ముక్క అతికించి ఇచ్చారు. జనం గోల, సోడాబండి చప్పుడు, చాలా దగ్గరగా ఒక రైలు కూత, ఆ తర్వాత ఎన్టీఆర్ గొంతు! మాటల్ని బట్టి 1983 ఎన్నికలకు ముందుదని నా అంచనా. పెరంబూరులో ఉండే 82 ఏళ్ళ మా బాబాయికి వినిపిస్తే, “రైలు ఇంత దగ్గరగా వినబడుతోందంటే గూడూరేమోరా” అన్నారు. కచ్చితంగా చెప్పగలిగిన మనిషి, నాన్న వెంట వెళ్ళిన స్నేహితుడు, పోయిన ఏడాదే పోయారు.

ఈ క్యాసెట్లు ఒక సంస్థకు ఇస్తానంటే, “బీరువాలో భద్రంగా పెడతాం, బయటివాళ్ళకు మాత్రం వినిపించం” అన్నారు. మా బీరువా చేసిన తప్పేమిటో నాకర్థం కాలేదు. ఎవరూ వినకపోతే అది ఏ సభో చెప్పేదెవరు?

హక్కుల గొడవ ఉంటుందని ఇంకొకరు భయపెట్టారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం బహిరంగ సభలో చేసిన ప్రసంగం మీద హక్కు మాట్లాడినవారిది. వారు పోయాక 60 ఏళ్ళకు అది తీరిపోతుంది. టంగుటూరి ప్రకాశం గారు 1957లో పోయారు కాబట్టి ఆయన ప్రసంగాలకు 2017తోనే గడువు ముగిసింది. రికార్డింగు హక్కు వేరే లెక్క, నిజమే. ఎన్టీఆర్ లాంటి తర్వాతివాళ్ళ విషయంలో కుటుంబాలను అడగాలి. అడిగితే కాదంటారని ముందే ఎందుకనుకోవాలి?

58 రోజుల దీక్ష తర్వాత 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు కన్నుమూసిన చోట, మైలాపూరులో, స్మారక భవనం ఉంది. ఇలాంటి క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించి అందరికీ వినిపించడానికి అందులో ఒక గది, ఒక కంప్యూటరు, నాలుగు హెడ్‌ఫోన్లు చాలు. 90 నిమిషాల క్యాసెట్ ఎక్కించడానికి 90 నిమిషాలూ పడుతుంది, అడ్డదారి లేదు. రెండు వైపులా కోత లేకుండా ఎక్కించాలి. సౌండ్ ‘క్లీన్’ చేస్తామంటూ మొదటి కాపీ మీద చెయ్యి వేయకూడదు, రైలు కూత కూడా కొట్టుకుపోతుంది. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో పెట్టి, విన్నవాళ్ళు ఊరో తేదీయో గుర్తుపడితే రాసుకోవాలి.

నా పాతిక క్యాసెట్లూ ఇవ్వడానికి సిద్ధం. వచ్చేవాళ్ళు ఒక నోటుపుస్తకం తెచ్చుకుంటే పెరంబూరుకు నేనే తీసుకెళ్తాను. ఉదయం పూటైతే మేలు, మా బాబాయికి అప్పుడే చెవులు బాగా పనిచేస్తాయి.

– మీ పాఠకుడు,
వెస్ట్ మాంబళం, చెన్నై